ఇరవై ఎనిమిది ఆదివారాలు



మీ అమ్మాయి ఇప్పుడు ఆరో తరగతి అనుకుందాం. పదో తరగతి దాకా మీ దగ్గరే ఉంటుంది. ఆ తర్వాత ఇంటర్‌కి విశాఖలోనో విజయవాడలోనో హాస్టల్లో చేర్పిస్తారు. తర్వాత ఇంజినీరింగో మెడిసినో, ఆపైన హైదరాబాదు, బెంగళూరు, వీసా కలిసొస్తే ఇంకా దూరం. అంటే ఆ పిల్ల మీ ఇంట్లో, ఈ జిల్లాలో ఉండేది ఇంకో అయిదేళ్లు. పదో తరగతి ఏడాదిని లెక్కలోంచి తీసేయండి. ఆ ఏడాది మీరూ మేమూ కలిసి ఆమెను పుస్తకం ముందు నుంచి కదలనివ్వం. మిగిలింది నాలుగేళ్లు. మన ఎండలకి కొండలెక్కి తిరగగలిగేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. ఆ నాలుగు నెలల్లో పదిహేడు ఆదివారాలు వస్తాయి. సంక్రాంతికి అమ్మమ్మగారి ఊరు, రెండు పెళ్లిళ్లు, ఒక జ్వరం, యూనిట్ టెస్టులు, ఒలింపియాడ్‌లు, మేం పెట్టే ఆదివారం క్లాసులు తీసేస్తే ఏడు మిగిలితే గొప్ప.

ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది.

తన సొంత జిల్లాను చూసుకోవడానికి మీ అమ్మాయి చేతిలో ఉన్న రోజులు ఇవే. అందులో ఓ నాలుగైదు పక్కన పెట్టమని అడగడానికే ఇది రాస్తున్నాను.

నేను శ్రీకాకుళం బ్రాంచిలో సోషల్ చెబుతాను. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుతాం. పిల్లలు పంచెలు కట్టుకొని, కండువాలు వేసుకొని గిడుగు వెంకట రామమూర్తి గారి గురించి గుక్క తిప్పుకోకుండా ఉపన్యాసాలిస్తారు. 1863లో పర్వతాలపేటలో పుట్టారు, వాడుక భాష కోసం పోరాడారు అంటూ. మీరు వీడియోలు తీసి స్టేటస్‌లో పెట్టుకుంటారు కూడా. ఈ ఏడాది ప్రైజులిచ్చేశాక ఎనిమిదో తరగతికి వెళ్లి, ‘పర్వతాలపేట ఎక్కడుందర్రా?’ అని అడిగాను. ఒకడు గోదావరి జిల్లా అన్నాడు. మన జిల్లాయే అన్నవాళ్లు ఇద్దరు. వంశధార ఒడ్డున, ముఖలింగం దగ్గర అని ఎవరూ చెప్పలేదు. శాలిహుండం చూసినవాళ్లు చేతులెత్తమంటే నలభై రెండు మందిలో ఆరుగురు ఎత్తారు. హైదరాబాదులో ఫిల్మ్ సిటీ చూసినవాళ్లంటే సగం తరగతి లేచి నిలబడింది.

శాలిహుండం మన ఊరి నుంచి ఇరవై కిలోమీటర్లు లేదు.

ఆ కొండ మీద బౌద్ధుల కట్టడాలున్నాయని 1919లో గుర్తించి లోకానికి చెప్పింది కూడా గిడుగు వారే. మన పిల్లల ఉపన్యాసాల్లో ఈ వాక్యం సాధారణంగా ఉండదు, ఇంటర్నెట్‌లో మొదటి పేరాలో దొరకదు కాబట్టి. తర్వాత పురావస్తు శాఖ వాళ్లు తవ్వకాలు జరిపారు. స్తూపాలు, చైత్యగృహాలు, బ్రాహ్మీ లిపిలో రాతలు, అస్థికలు దాచిన కరండాలు బయటపడ్డాయి. రెండువేల ఏళ్ల కిందటి రేవు పట్టణాల్లో కనిపించే రకం మట్టిపాత్రల పెంకులు కూడా దొరికాయి. ఎందుకు దొరికాయో కొండెక్కితే పాఠం అక్కర్లేకుండా అర్థమవుతుంది. కింద వంశధార, దాని వెంట చూపు సాగిస్తే కళింగపట్నం, సముద్రం. ఓడ దిగిన మనిషి ఏటి వెంబడి నడిచొస్తే ముందు ఈ కొండే కనిపించేది. కొన్ని శతాబ్దాల తర్వాత ఇక్కడే తార, మారీచి లాంటి దేవతల విగ్రహాలు చెక్కారు. మ్యూజియంలో ఉన్నాయి. అంటే ఒకే కొండ మీద ఒక మతం రూపం మార్చుకుంటూ వెయ్యేళ్లకు పైగా బతికింది.

ఇప్పుడు నా తప్పొకటి చెప్పుకోవాలి.

మూడేళ్ల కిందట రెండు బస్సుల్లో పిల్లల్ని శాలిహుండం తీసుకెళ్లాను. నూరుమంది పైమాటే. అందరి చేతుల్లో ఇరవై ప్రశ్నల వర్క్‌షీట్ పెట్టాను. ప్రశ్నలు తయారుచేసింది నేనే, పైగా గర్వంగా. మధ్యాహ్నం బీచ్ ఉంది కాబట్టి కొండ మీద నలభై నిమిషాలే అన్నాను. పిల్లలు ఏం చేస్తారు? బోర్డు దగ్గర గుమిగూడి జవాబులు ఎత్తి రాసుకున్నారు. బోర్డు అందనివాళ్లు పక్కవాడి కాగితంలో చూసి రాశారు. స్తూపం వైపు వీపు పెట్టి స్తూపం వ్యాసం ఎంతో రాసుకున్నారన్నమాట. పావుగంటలో అందరికంటే ముందు పూర్తి చేసిన ఒక కుర్రాడు ఊరికే ఉండలేక ఒక ఇటుక మీద తన పేరులోని మొదటి అక్షరం గీశాడు, కాంపస్ ముల్లుతో. కాపలా ఆయన నన్ను పిలిచి, ‘మాస్టారూ, మీ గుంటడు ఇటకమీద ఏటో గీకేసినాడు, ఓపాలి సూడండి’ అన్నాడు. కేకలెయ్యలేదు. అలా గీస్తే చట్టప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉందని నాకు తెలుసు, తరగతిలో చెప్పాను కూడా. వర్క్‌షీట్‌లో పద్దెనిమిదో ప్రశ్న అదే. కుర్రాడు దానికి సరైన జవాబు రాశాడు.

వాణ్ని తిట్టాను. బస్సెక్కాక నాకే సిగ్గేసింది. చూడ్డానికి తీసుకొచ్చి చూడనివ్వకపోతే పిల్లాడి చేతులు ఏదో ఒకటి చేస్తాయి.

మరుసటి శీతాకాలం మా అక్క కూతురితో మళ్లీ వెళ్లాను. అప్పుడది ఏడో తరగతి. ఈసారి కాగితం లేదు, కలం లేదు. ఫోన్ మా అక్క సంచిలో ఉంది. పైన ఒక నీడ చూసుకొని కూర్చున్నాం. మొదటి అరగంట ‘ఇంకెంతసేపు మావయ్యా’ తప్ప ఇంకో మాట లేదు. మీకూ ఇలాగే అవుతుంది, కంగారు పడకండి. తర్వాత అదే లేచి తిరగడం మొదలుపెట్టింది. కాసేపటికి ఒక ఇటుక దగ్గర కూర్చొని, తాకకుండా పైనుంచే జాన పెట్టి కొలిచింది. ‘మనింటి ఇటకల కన్నా ఇంత పెద్దవేటి?’ అంది. నాకు తెలీదన్నాను. మట్టి ఎక్కడిది? ఏటిదే అయ్యుంటుంది. కాల్చింది కిందా, పైనా? పైకి ఎవరు మోశారు? జీతమిచ్చారా? ఇన్ని ప్రశ్నల్లో నాకు జవాబు తెలిసినవి తక్కువ. వచ్చే ఆదివారం మా ఊరి పక్క ఇటుక బట్టీకి తీసుకెళ్లమంది. వెళ్లాం. అక్కడ పనిచేసే ఆవిడ అచ్చు ఎలా పడతారో చూపించి, పచ్చి ఇటుక ఒకటి దాని చేతిలో పెట్టింది. ‘ఇంత బరువా!’ అని రెండు చేతులా పట్టుకుంది. చరిత్ర పాఠం అంత బరువుగా దానికి ఎప్పుడూ తగల్లేదు, నేను చెప్పినప్పుడు కూడా.

విజయనగరం బ్రాంచి తల్లిదండ్రులు ఇదంతా శ్రీకాకుళం సంగతి కదా అనుకోవద్దు. మీకు పన్నెండు కిలోమీటర్లలో రామతీర్థం ఉంది. దర్శనానికి ఏటా వెళ్తూనే ఉంటారు. గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి, ప్రసాదం తీసుకొని, కారెక్కేస్తారు. అక్కడే గురుభక్తులకొండ మీద ఇటుక స్తూపాల, విహారాల అవశేషాలున్నాయి. 1910-11లో అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి వాటిని తవ్వించాడు. బోధికొండ మీద జైనుల గుహలు, తీర్థంకరుల బొమ్మలున్నాయి. పదకొండో శతాబ్దపు తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుని కాలం నాటి శాసనం ఉంది. రాముడు, బుద్ధుడు, జినుడు ముగ్గురూ ఒక్క ఊరి కొండల్ని పంచుకున్నారు. ఈసారి దర్శనమయ్యాక ఇంకో రెండు గంటలు ఉండండి. ఆ మెట్ల మీద మీ అబ్బాయి మీకంటే ముందు పైకెక్కి ‘రండి నాన్నా’ అని పిలుస్తుంటే ఎలా ఉంటుందో నేను చెప్పను.

ముఖలింగం గురించి కూడా ఒక మాట. మన పిల్లల్లో చాలామంది పూరీ, కోణార్క్ వెళ్లొచ్చారు. మంచిదే. కోణార్క్ కట్టించిన గంగ వంశపు నరసింహదేవుడి పూర్వీకులు రాజ్యమేలింది కళింగనగరం నుంచి. ఆ కళింగనగరమే వంశధార ఒడ్డున ఉన్న మన ముఖలింగమని తేల్చినవారిలో గిడుగు వారొకరు. అక్కడి శాసనాలు చదవడం కోసం పాత లిపిని ఎవరి దగ్గరా చేరకుండా సొంతంగా నేర్చుకున్నారు. కోచింగ్ సెంటర్ల కాలంలో ఈ సంగతి పిల్లలకు చెప్పాలనిపిస్తుంది. పూరీ జగన్నాథుడి పెద్ద గుడి మొదలుపెట్టిన చోడగంగ దేవుడు 1078లో సింహాసనమెక్కింది ఇక్కడి రాజుగానే, రాజధాని కటకానికి మారింది తర్వాత. మధుకేశ్వరాలయం గోడల దగ్గర ఒక గంట నిలబడితే, కోణార్క్‌లో మీరు చూసిన చెక్కడం చెయ్యి ఎక్కడ అలవాటుపడిందో కనబడుతుంది. కోణార్క్‌లో ఎక్కువగా వాడిన రాయి పేరు ఖోండలైట్. మన తూర్పు కనుమల రాయే అది. కొండల్లో ఉండే ఖోండుల పేరు మీద భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టుకున్న పేరు. మన కొండల రాయి పేరు జియాలజీ పుస్తకాల్లో ఉంది. మన తొమ్మిదో తరగతి పిల్లాడికి మాత్రం తెలీదు.

ఎందుకింత పట్టుదల అంటారేమో. నిరుడు ఒక పిల్ల వ్యాసంలో ‘మాది వెనుకబడిన జిల్లా, ఇక్కడ ఏమీ లేదు’ అని రాసింది. వెనుకబడిన మాట అబద్ధం కాదు. వలసలు నిజం, తిత్లీ తుఫానులో కొబ్బరి తోటలు కూలిపోయిన ఉద్దానం నిజం. ‘ఏమీ లేదు’ అన్నమాట మాత్రం ఆ పిల్ల చూసి రాసింది కాదు, మన నోటి నుంచి విని రాసింది. ‘ఇక్కడేటుందమ్మా, బాగా సదువుకొని బయటపడిపో’ అని మనమే రోజూ చెబుతున్నాం. నేను కూడా చెప్పాను. ఆ మాట పట్టుకొని ఆ పిల్ల హాస్టల్‌కి వెళ్తుంది. అక్కడ మొదటి రోజే ‘ఏటి’ అన్నందుకు నలుగురు నవ్వుతారు. వారం తిరక్కుండా ‘ఏంటి’ నేర్చుకుంటుంది. మన పాత విద్యార్థుల్లో ఇలా జరగనివాళ్లు ఎంతమంది? వాడుక భాషకు గౌరవం తెచ్చిన మనిషి పుట్టిన జిల్లా పిల్లలు, తమ వాడుక మాటకి సిగ్గుపడుతున్నారు. కొండెక్కినంత మాత్రాన ఇది మారిపోతుందని నేననను. నవ్వినవాళ్లకి చెప్పడానికి ఆ పిల్ల దగ్గర కళ్లారా చూసిన ఊరు ఒకటి ఉంటుంది, అంతవరకే నా ఆశ.

మార్కుల సంగతి అడుగుతారు. అడగాలి, ఫీజు కడుతున్నది మీరు. దీనివల్ల మార్కులు పెరగవు. ఐఐటీ ఫౌండేషన్ పరీక్షలో శాలిహుండం రాదు. మార్కులు పెరుగుతాయని ఆశపెట్టి మిమ్మల్ని పంపడం నాకిష్టం లేదు. అలా పంపితే మీరు కొండ మీద కూడా ప్రశ్నలడుగుతారు. ఒక్కటి మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను. ఆదివారం క్లాసు పెట్టమని ప్రతి మీటింగులో అడిగేది మీలోనే కొందరు. మీరు అడుగుతారు, పక్క స్కూలువాళ్లు పెడతారు, మేమూ పెడతాం. శీతాకాలంలో నెలకి ఒక్క ఆదివారమైనా ఖాళీగా వదలమని నేను మా ప్రిన్సిపాల్ గారితో అన్నాను. ‘పేరెంట్స్ ఒప్పుకోవాలి కదా’ అన్నారు. బంతి ఇప్పుడు మీ దగ్గరుంది.

వెళ్లేవాళ్లకి కొన్ని సంగతులు. ఉదయం ఏడు లోపు బయలుదేరి పదకొండుకల్లా కిందికి దిగిపోండి. శీతాకాలంలో కూడా మన ఎండ ఎండే. నీళ్లు మీరే తీసుకెళ్లండి. ఆడపిల్లలున్నప్పుడు బాత్రూమ్ ఎక్కడుందో ముందే చూసుకోండి, కొండ మీద దొరుకుతుందనుకోవద్దు. కార్తీకమాసంలో వనభోజనాలకు ఇలాంటి చోట్లకే వెళ్తాం కదా. పులిహోర, దద్దోజనం ఇంటి డబ్బాల్లో తీసుకెళ్లి, కింద చెట్ల దగ్గర తిని, డబ్బాలు మళ్లీ ఇంటికి తెచ్చుకోండి. కొండ మీద స్తూపం గట్టు కూర్చోవడానికి కట్టిన అరుగు కాదు. పిల్లలు దాని మీదెక్కి ఫొటో దిగుతామంటే మీరే వద్దనాలి, కాపలా మనిషి దాకా రానివ్వకూడదు.

ఏటి విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. వంశధారలో గానీ నాగావళిలో గానీ పిల్లల్ని నీళ్లలో దిగనివ్వకండి. పైకి మోకాలి లోతు కనిపిస్తుంది, ఇసుక తీసిన గుంట పక్కనే ఉంటుంది. జలపాతాలకి వానాకాలంలో అసలు వద్దు.

సీతంపేట వైపు కొండలకి వెళ్లాలనుకునే కుటుంబాలుంటే ఇంకో మనవి. అక్కడి సవరల, జాతాపుల ఊళ్లు ప్రదర్శన కాదు. అడగకుండా ఫొటో తియ్యకండి. సంతలో అనాసపండో కొండచీపురో కొంటే, ఏసీ కారు దిగి పది రూపాయల దగ్గర బేరమాడకండి. మీ పిల్లలు చూస్తుంటారు. గిడుగు వారు సవరల మధ్య తిరిగి వాళ్ల భాష నేర్చుకున్నారు. దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. వాళ్ల పిల్లల కోసం బడులు పెట్టించారు. మీ పిల్లలు సవర భాషలో ఒక్క పలకరింపు నేర్చుకొని వచ్చినా నాకు చాలా సంతోషం.

కొండలెక్కలేని నాన్నమ్మ, తాతయ్యలు ఇంట్లో ఉంటే టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లండి. శీతాకాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల మీద గూళ్లు కట్టుకొని ఉంటాయి. ఊరివాళ్లు వాటిని సొంత కోళ్లకన్నా జాగ్రత్తగా చూసుకుంటారు. ఇచ్ఛాపురం పక్కన తేలుకుంచిలో పక్షులొస్తే వానలు బాగా పడతాయని నమ్మకం. అక్కడ తాతయ్యలే గైడ్లు, మీరు ఊరుకుంటే చాలు.

నాకు బాగా తెలిసిన కష్టం ఇంకొకటుంది. మన పిల్లల్లో చాలామంది నాన్నలు ఊళ్లో లేరు. చెన్నైలోనో, గల్ఫ్‌లోనో, నేవీలోనో, ఓడల మీదో ఉన్నారు. తల్లి ఒక్కత్తీ ఇద్దరు పిల్లల్ని వేసుకొని కొండలకి ఎలా వెళ్తుంది? ఇది తీసిపారేయాల్సిన మాట కాదు. అందుకే ఒక్కరే వెళ్లమని చెప్పను. ఒకే తరగతి పిల్లల ఇళ్ల నుంచి నాలుగు కుటుంబాలు కలవండి. ఒక ఆటో మాట్లాడుకుంటే పని అయిపోతుంది. వాట్సాప్ గ్రూపుల్లో హోమ్‌వర్క్ ఫొటోల మధ్య ఈ ముక్క కూడా ఒకటి రాసుకోవచ్చు.

ఆ ఇటుక మీద గీసిన కుర్రాడు ఇప్పుడు ఇంటర్ రెండో ఏడాది, విజయవాడ హాస్టల్లో ఉన్నాడు. దసరాకి వచ్చినప్పుడు రోడ్డు మీద కనిపించాడు. ‘సార్, మళ్లీ ఓసారి వెళ్దామా?’ అన్నాడు. వాడికి నాలుగే రోజులు సెలవు, రెండు రోజులు అప్పటికే అయిపోయాయి. కుదర్లేదు.

డిసెంబరు రెండో ఆదివారం నేను శాలిహుండం వెళ్తున్నాను. స్కూలు టూర్ కాదు, బస్సు ఉండదు, ఫీజు లేదు. పిల్లల బాధ్యత వాళ్లతో వచ్చిన పెద్దలదే. ఉదయం ఆరున్నరకి శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో కళింగపట్నం బస్సులు ఆగేచోట ఉంటాను. వర్క్‌షీట్ తేను.